రెండు వందల పన్నెండో గింజ

ఫిబ్రవరి 3

అత్తా,

చేరాను. వయొలిన్ కూడా చేరింది. నా కంటే ముందు దాని క్షేమమే అడుగుతావు కాబట్టి అదే ముందు రాస్తున్నాను. బిరడాలు జారలేదు, పేగు తీగలు తెగలేదు. రైల్లో ఒక్క సీటే దొరికితే దాన్ని కూర్చోబెట్టి నేను నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన "పెట్టెలో ఏముందమ్మా, గాజు సామానా?" అని అడిగాడు. "మా అత్త" అన్నాను. ఆయన సంచి ఒళ్లోకి లాక్కుని అటు జరిగి కూర్చున్నాడు.

రికార్డింగ్ ఎక్కడో చెబితే నవ్వుతావు. మూతపడిన ఈతకొలనులో! నీళ్లు తీసేసి, అడుగున చెక్కలు పరిచారు. గోడలకు తెల్ల పలకలు, వాటి మీద ఇంకా లోతు గుర్తులున్నాయి. వయొలిన్లం మూడడుగుల దగ్గర కూర్చుంటే, మా పెద్ద బేస్ వాయించే ఆయన పన్నెండడుగుల దగ్గర నిలబడతాడు. ఆ వాయిద్యమూ ఆయనా కలిసి గదిలోకి రావాలంటే రెండు తలుపులూ తియ్యాలి. అందుకే అందరం ఆయన్ని బోషాణం అంటాం, ఆయనా పలుకుతాడు. ప్రతిధ్వని తగ్గడానికి నీళ్లలోకి దూకే పలక మీంచి పాత పరుపులు వేలాడదీశారు. గోడ మీద "పరుగెత్తరాదు" అని పెద్ద బోర్డు ఉంది. మేం వేగం పెంచేసినప్పుడల్లా మమ్మల్ని నడిపించే మాస్టారు తన హార్ప్సికార్డ్ మీటల ముందు నుంచి లేచి మాట్లాడకుండా ఆ బోర్డు చూపిస్తారు.

మొత్తం పద్నాలుగు మందిమి. మూడు వందల ఏళ్ల నాటి బరోక్ కాన్సెర్టోలు ఆరు. ఆరింట్లోనూ ముందు నిలబడి వాయించేది నేనే! ఇరవై ఆరో తేదీకల్లా కొలను ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాత దాన్ని పడగొడతారట.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. డిస్కు అట్ట వెనక వాయిద్యం ఎవరు చేశారో కూడా వేస్తారు. నీ పేరు, అత్తా! నువ్వు జన్మలో చేసిన ఒకే ఒక్క వయొలిన్ ఇది. ఎవరో ఆసామి ఆర్డరిచ్చి తీసుకోడానికి రాకపోబట్టి నా చేతికొచ్చింది. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ డిస్కు విని కుళ్లి చావాలి. నీ పేరు ఎలా వెయ్యాలో ఇంటిపేరుతో సహా రాసి పంపు.

ఇంట్లో ఒక చిన్న గొడవ. నా కూతురు నేను బయల్దేరిన రోజే వయొలిన్ మంచం కిందకి తోసేసింది. ఇక ముట్టదట, గోల్‌కీపర్ అవుతుందట. వాళ్ల నాన్న చేతి తొడుగులు కొనిపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

బట్టలుతికే దుకాణం మీద అద్దె గదిలో, కింద యంత్రాల హోరులో,
నీ మేనకోడలు


ఫిబ్రవరి 7

ఏమే పిల్లా,

నీ ఉత్తరం అందింది. ముందు మీ మావయ్య చదివాడు, తర్వాత వీధి చదివింది. ఇస్త్రీ కొట్టువాడు నన్ను చూసి "డిస్కమ్మా, బాగున్నారా?" అన్నాడు. ఇదంతా నీ పుణ్యమే.

నా పేరు అట్ట మీద ఎందుకే? నలభై అయిదేళ్లుగా ఊళ్లోవాళ్ల వయొలిన్లు విప్పాను, బాగుచేశాను, లోపల పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసి మూసేశాను. ఇంకొకడు విప్పితే తప్ప అవి ఎవరికీ కనబడవు. మా పనివాళ్ల సంతకం అంతే. వెలుగులో పడాలని నాకేం లేదు. అయినా నువ్వు అడిగావు కాబట్టి విడిగా ఒక కాయితం మీద రాసి పెట్టాను. రెండో అక్షరం కింద వత్తు మర్చిపోవద్దని చెప్పు, కరెంటు బిల్లువాడు ఎప్పుడూ మర్చిపోతాడు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ గొంతు డబ్బాలో గులకరాయిలా వినబడుతుంది. ఉత్తరమే రాయి.

కొలనులో చెమ్మ ఉంటుంది, జాగ్రత్త. వాయించనప్పుడు పెట్టె మూసి ఉంచు. మిగతావి నేను చూసే పంపాను. బయల్దేరే రోజు పొద్దున కింది అంచు గోరంత విడితే సరేసు పెట్టి అతికించాను. ఆ వెంటనే గింజలు పోసి దుమ్ము కూడా తీశాను. గుర్తుందా, బియ్యం గింజలు వంకర రంధ్రంలోంచి లోపలికి పోసి, ఊపి, తిరగేస్తే దుమ్మంతా వాటికి చుట్టుకుని వచ్చేస్తుంది. చిన్నప్పుడు నువ్వు "అత్త వయొలిన్‌కి మేత వేస్తోంది" అనేదానివి. ఆ గింజలు అప్పటివే, డబ్బా అప్పటి మాత్రల డబ్బాయే. మీ మావయ్య లెక్కపెట్టి మూత మీద రాసిన "212" ఇంకా చెరగలేదు. బస్సు కండక్టరు ఉద్యోగం మానేసి పదేళ్లయినా లెక్కపెట్టే జబ్బు మాత్రం మానలేదు. నిన్న డాక్టరు దగ్గర తన మెట్లు, డాక్టరు మెట్లు కలిపి ఎన్నో చెప్పొచ్చాడు.

నీ కూతుర్ని వదిలెయ్. పదేళ్లప్పుడు నువ్వు చేసిన యాగీ ముందు అదెంత? కమాను కిటికీలోంచి విసిరేసింది ఎవరమ్మా? ఏడాదిన్నర వయొలిన్ వైపు కన్నెత్తి చూడనిది ఎవరు? అదైనా మంచం కింద భద్రంగా పెట్టింది. నీ కంటే బుద్ధిమంతురాలు.

అన్నం వేళకి తిను. భుజం నొప్పెడితే మొండికెయ్యకు.

మీ అత్త


ఫిబ్రవరి 10

అత్తా,

నీ కాయితం మాస్టారికి ఇచ్చాను. వత్తు గురించి రెండుసార్లు చెప్పాను.

మూడు కాన్సెర్టోలు పూర్తయ్యాయి. మూడోదాని చివర అందరం ఒకేసారి కమాన్లు ఎత్తాక కొలనంతా ఆ స్వరం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. అప్పుడు బోషాణం కడుపు గుర్రుమంది. మళ్లీ వాయించాం. ఆయన భార్య పళ్ల డాక్టరు, మాకందరికీ తలా ఒక బ్రష్షు పంపింది. "పళ్లకి బ్రష్షులు సరే, పొట్టకి రొట్టెలు పంపమనండి" అన్నారు మాస్టారు.

నాలుగోదాని దగ్గర మాత్రం బండి ఆగింది. అందులో నెమ్మది భాగం ఒకటుంది, అత్తా. మిగతావాళ్లు దాదాపు ఊరుకుంటారు, నేనొక్కదాన్నే మంద్రంలో ఒక పొడుగు స్వరం పట్టుకుని నిలబడాలి. ఈ డిస్కంతటికీ అదే ప్రాణం. సరిగ్గా అక్కడ ఒక సన్నని జీర వినిపిస్తోందట. మాకు వినబడదు. టికెట్ల గదిలో యంత్రాల ముందు కూర్చునే సౌండు ఇంజినీరుకి వినబడుతుంది. ఆయనవి పాము చెవులు. పక్క వీధిలో లారీ వస్తోందని లారీ డ్రైవరు కంటే ముందు ఈయనకే తెలుస్తుంది.

రెండు రోజులుగా వెతుకుతున్నాం. నా చెవిపోగులు తీయించారు. బోషాణం కళ్లజోడు తీయించారు. వేడినీళ్ల గొట్టానికి దుప్పటి చుట్టారు. జీర పోలేదు.

నీకొకటి అడగాలి. ఇక్కడ నా పక్కన వాయించే ఆయన వయొలిన్ మీద అనుమానంగా ఉంది. ఒకే స్వరానికి జీర పోతోంది. అంచులు చుట్టూ తట్టి చూశాం, ఎక్కడా విడలేదు. తీగల్ని ఎత్తిపట్టే గుర్రం సరిగ్గానే నిలబడింది. లోపలేమైనా అయి ఉంటుందా? ఆయన చాలా దిగులుగా ఉన్నాడు, పాపం.

తొందరగా రాయి,
నీ మేనకోడలు


ఫిబ్రవరి 13

పిల్లా,

ఆ మనిషితో చెప్పు, దిగులు పడి లాభం లేదని. అంచులు బాగుండి, గుర్రం బాగుండి, ఒకే స్వరానికి జీర పోతోందంటే లోపల నిలువునా అతికించే దూలం వదులైందన్న మాట. దూలం ఊరికే వదులవదు. చేసినప్పుడే చెక్క సరిగ్గా ఆనకపోతే అవుతుంది. అంటే పుట్టు లోపం. చేసినవాడికి చెక్కపని చేతకాదు. ఎవడో గానీ వాణ్ని పీటలు చేసుకు బతకమను. పీట జీరపోయినా కూర్చున్నవాడికి వినబడదు.

విప్పి బాగుచెయ్యాలంటే నెల పడుతుంది. మీకంత టైము లేదు. మొహమాటపడకుండా ఆ వయొలిన్ తీసి పక్కన పెట్టించు. పద్నాలుగు మంది శ్రమ ఒక్క చేతకానివాడి చెక్కముక్క కోసం నీళ్లపాలు చేస్తారా? ఆ మనిషికి దాని మీద ప్రేమ ఉంటే ఉండనీ, ఇంటి దగ్గర వాయించుకుంటాడు.

"మరీ అంత కటువుగా రాయకే" అన్నాడు మీ మావయ్య. చెక్క దగ్గర నాకు మొహమాటం లేదు, అది నీకూ తెలుసు. మనది బాగుంది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ఈ వారం ఒక బడిపిల్లాడి వయొలిన్ వచ్చింది. లోపల అయిదు గోళీలున్నాయి. ఎలా పట్టాయో వాడికీ తెలీదు. ఎనిమిదంటాడు మీ మావయ్య. మళ్లీ చూడాలి.

మీ అత్త


ఫిబ్రవరి 15 (కార్డు)

పిల్లా, ఎనిమిదే. మీ మావయ్య గోడ మీద మేకు కొట్టేశాడు, అట్టకి ఫ్రేము కట్టించి తగిలిస్తాడట. పేరు ముందు "శ్రీమతి" వెయ్యాలా వద్దా అని వీధిలో చర్చ నడుస్తోంది. వద్దన్నాను. వత్తు ఉంటే చాలు. నిన్న నిద్రలో కూడా నవ్వానట, మీ మావయ్య చెప్పాడు. ఈ వయసులో ఇదేం చోద్యమో. అత్త.


ఫిబ్రవరి 17

అత్తా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

నా పక్కన వాయించే ఆయన వయొలిన్ బాగానే ఉంది. ఆయన దిగులుగా కూడా లేడు, రోజూ ఈల వేస్తాడు. ఆ జీర మన వయొలిన్‌లోది. నీకు చెప్పడానికి నోరు రాక ఆయన మీద పెట్టాను. నువ్వేదో చిన్న కిటుకు చెబుతావు, నేను చేసేస్తాను, నీకు తెలియకుండానే అయిపోతుంది అనుకున్నాను. నువ్వేమో పీటలు చేసుకోమన్నావు.

నిన్న నీ ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. చెక్క దగ్గర నువ్వు అబద్ధమాడవు. "తీసి పక్కన పెట్టించు" అన్నావు. పెట్టాను.

మాస్టారికి తెలిసినవాళ్లు ఒక పాత వయొలిన్ అరువిచ్చారు. వయసు మూడు వందల ఏళ్లట. గొప్పగా పలుకుతుంది, అబద్ధమెందుకు? కానీ దాన్ని భుజం మీద పెట్టుకుంటే పెద్దింటికి భోజనానికి వెళ్లినట్టుంటుంది. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీదు, గట్టిగా నవ్వకూడదు, ఎప్పుడు లేవచ్చో తెలీదు. పాము చెవులాయనకి మాత్రం సంతోషంగా ఉంది, జీర లేదు. ఇరవై నాలుగున నెమ్మది భాగం దాని మీదే వాయించాలి. మిగిలినవి కూడా దాని మీదే మళ్లీ చేద్దామంటున్నారు. అట్ట వెనక ఒకే వాయిద్యం పేరుంటే బాగుంటుందట.

అంటే నీ పేరుండదు, అత్తా.

నిన్నటి నుంచి మన వయొలిన్ పెట్టె తెరవలేదు. తెరిస్తే అడుగుతుందేమోనని భయం.

నన్ను తిట్టు,
నీ మేనకోడలు

ఇంకో మాట. ఇది అంటించబోతుంటే నీ కార్డు వచ్చింది. మావయ్యతో మేకు పీకెయ్యమని నేనెలా చెప్పను?


ఫిబ్రవరి 22

ఓసి దొంగముఖమా,

నా వయొలిన్ని నా నోటితోనే తిట్టించావు కదే! నిన్న పొద్దున ఆ ఉత్తరం చదివి సుత్తి కింద పడేశాను. మీ మావయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఎవరైనా పోయారా?" అన్నాడు. "ఇంకా లేదు, నీ మేనకోడలు దొరికాక పోతుంది" అన్నాను. ఆడలేక మద్దెల ఓడంటారు, నువ్వు ఆడగలిగీ మద్దెల ఓడని ఒప్పుకున్నావు. అదీ పక్కవాడి పేరు పెట్టి!

గంటసేపు అలా తిట్టాను. తర్వాత కోపం పోయి భయం పట్టుకుంది. నిజంగానే నాది చేతకాని పనా? ఇరవై రెండేళ్ల కిందట ఆ దూలం నేనే చెక్కాను. నాలుగు వారాలు చెక్కాను. కాయితం కూడా దూరనంతగా ఆనించాను. అది వదులయ్యే దూలం కాదు. ఇరవై రెండేళ్లు పలికి, నిన్న కాక మొన్న జీర వచ్చిందంటే జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఈమధ్య తగిలింది. ఈమధ్య దాన్ని ముట్టింది ఎవరు? నేనే.

అప్పుడు గుర్తొచ్చింది, పిల్లా. ఆ రోజు సరేసు పెట్టాక ఒక రోజంతా ఆరనివ్వాలి. బయట నీ టాక్సీ హారన్ కొడుతోంది, మీ మావయ్య "పదకొండుసార్లు కొట్టాడు" అని లెక్క చెబుతున్నాడు. సరేసు పచ్చిగా ఉండగానే గింజలు పోసేశాను. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లెవరైనా ఆ పని చేస్తే చెవి మెలేసేదాన్ని.

మాత్రల డబ్బా తెచ్చి మీ మావయ్య ముందు పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని, చాప మీద కూర్చుని, పదేసి చొప్పున కుప్పలు పెట్టాడు. రెండు వందల పదకొండు! మళ్లీ లెక్కపెట్టాడు. రెండు వందల పదకొండు. "ముప్పై ఏళ్ల సర్వీసులో నా లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఒకడు దిగలేదు, ఇంకా లోపలే ఉన్నాడు" అన్నాడు.

కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. ఆ ఒక్క గింజ పచ్చి సరేసుకి కొసన అంటుకుని ఉంటుంది. కింది అంచు లోపల, ఎడమ పక్క. రెండో కొస గాల్లో ఉండి ఆ ఒక్క స్వరానికే వణుకుతోంది. తిరగేసి ఊపితే రాలదు. చిన్న అద్దం కావాలి, కొస వంగిన సన్న కడ్డీ కావాలి. రెండూ పళ్ల డాక్టర్ల దగ్గరుంటాయి. మీ బోషాణం భార్యని పిలువు. ఎడమ రంధ్రంలోంచి అద్దం దింపి, కింది అంచు వెంట చూడమను. లాగొద్దు, పక్కకి నెడితే చాలు, విరిగి పడుతుంది.

"ఫోన్ చెయ్యి, తొందరగా తెలుస్తుంది" అంటున్నాడు మీ మావయ్య. చెయ్యను. చేత్తో చేసిన తప్పు చేత్తోనే రాసి ఒప్పుకుంటాను. దీన్ని తొందర పోస్టులో వేసి రమ్మని ఆయన్నే పంపుతున్నాను.

పేరు సంగతి నాకొద్దు. పేరు లేకపోతే పోయింది. కానీ ఆ పొడుగు స్వరం మాత్రం దాని మీదే వాయించవే. ఆ వయొలిన్ అందుకే చేశాను. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

మేకు పీకలేదు. మీ మావయ్య దానికి గొడుగు తగిలించాడు.

పీటలు చేసుకునే
మీ అత్త


ఫిబ్రవరి 24

అత్తా అత్తా అత్తా,

నీ ఉత్తరం ఎలా అందిందో విను. పొద్దున పదకొండుకి నెమ్మది భాగం మొదలుపెట్టాం, అరువు వయొలిన్ మీద. అయిదోసారి అంతా కుదిరింది. ఆఖరి స్వరం, ఇంకొక్క క్షణం ఉంటే అయిపోతుంది. సరిగ్గా అప్పుడు తలుపు దబదబా బాదారు. తొందర పోస్టు! పాము చెవులాయన టికెట్ల గదిలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఈ మూడు వారాల్లో ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. పోస్టువాడు బెదిరిపోయి సంతకం కూడా తీసుకోకుండా నీ ఉత్తరం కొలనులోకి విసిరేసి పోయాడు. అది వచ్చి మూడడుగుల దగ్గర పడింది.

అక్కడే నిలబడి చదివాను. "రెండు వందల పదకొండు" దగ్గరికొచ్చేసరికి నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. మాస్టారు చదివి వినిపించమన్నారు. పీటల దగ్గర అందరూ నవ్వారు. "ఒకడు దిగలేదు" అన్న చోట పాము చెవులాయన కుర్చీలో కూలబడి "నేను చెప్పలేదూ! నేను చెప్పలేదూ!" అన్నాడు. జీర ఉందని పదిహేను రోజులుగా ఆయన మాట ఎవరూ పూర్తిగా నమ్మలేదు, పాపం.

బోషాణం భార్య మధ్యాహ్నం భోజనం మానేసి తెల్ల కోటుతోనే వచ్చింది. వయొలిన్‌ని వాలు కుర్చీలో పడుకోబెట్టి, నుదుటికి దీపం కట్టుకుని, "నోరు తెరువు నాన్నా" అంది దానితో. అద్దం లోపలికి దింపింది. అందరం చుట్టూ నిలబడ్డాం. మాస్టారు పళ్లు బిగించారు, ఆయనకి పళ్ల డాక్టర్లంటే భయమట. "ఉంది" అంది. టక్‌మని చిన్న చప్పుడైంది. తిరగేస్తే నా అరచేతిలో పడింది. ఒక్క బియ్యపు గింజ, కొసన సరేసు చుక్క. దాన్ని ఈ కవరులో పెట్టాను, మావయ్యకి అప్పగించు.

తర్వాత ఆవిడ అద్దం బయటికి తీయకుండా "లోపల ఏదో రాసుంది, తిరగబడి కనబడుతోంది" అంది. నన్ను చూడమంది. మొదట ఏమీ అర్థం కాలేదు. దీపం కాస్త జరిపితే నీ పెన్సిల్ అక్షరాలు కనబడ్డాయి.

"చేసింది అత్త. వాయించేది మేనకోడలు. ఎవరైనా విప్పితే మళ్లీ జాగ్రత్తగా మూయండి."

దాని కింద తేదీ ఉంది. ఆ తేదీ మళ్లీ మళ్లీ చదివాను. అప్పటికి నాకు పదకొండేళ్లు. కమాను కిటికీలోంచి విసిరేసి ఏడాది దాటింది. చచ్చినా ముట్టనని ఇల్లంతా వినబడేలా ఒట్టేసి తిరుగుతున్నాను. నీ కొట్టులోకి కూడా రావడం మానేశాను. ఆ రోజుల్లో నువ్వు "వాయించేది మేనకోడలు" అని రాసి మూత వేసేశావా? ఎంత ధైర్యమే నీకు!

మరి ఆర్డరిచ్చి రాని ఆ ఆసామి ఎవరు? ఇరవై రెండేళ్లుగా నేను తిట్టిపోస్తున్న ఆ పెద్దమనిషి ఎవరత్తా?

సాయంత్రం నాలుగింటికి మన వయొలిన్ మీద వాయించాను. ఒక్కసారే. ఆ పొడుగు స్వరం పట్టుకున్నప్పుడు నేనేమీ చెయ్యలేదు, అదే నన్ను పట్టుకుంది. అయిపోయాక అందరం టికెట్ల గది వైపు తిరిగాం. ఇంకేదో వినబడిందేమోనని భయం వేసింది. చివరికి పాము చెవులాయన మైకులో "ఏమీ లేదు. ఇంటికెళ్లండి" అన్నాడు. ఆయన గొంతులోనే జీర ఉంది.

అరువు వయొలిన్ దాని పెద్దింటికి వెళ్లిపోయింది. మిగతా కాన్సెర్టోలు కూడా మన దాని మీదివే ఉంటాయట. అట్ట వెనక ఏం వెయ్యాలో మాస్టారు అడిగారు. నీ కాయితం తీసిచ్చాను. ఆయన చదివి, పక్కన పెట్టి, "లోపల రాసిందే వేద్దాం" అన్నారు. కాబట్టి అట్ట మీద ఇలా ఉంటుంది: వయొలిన్ చేసింది అత్త, వాయించేది మేనకోడలు. వత్తు గోల తప్పింది. నీకు సమ్మతమేనా? వద్దంటే వెంటనే రాయి. వచ్చే నెల మొదట్లో అట్ట అచ్చుకి వెళ్తుంది.

గింజతో పాటు ఆ నెమ్మది భాగం ఒక్కటి డిస్కులో ఎక్కించి పంపుతున్నాను. పాము చెవులాయన నీకోసమే చేశాడు. మీరిద్దరూ కలిస్తే తిట్టుకుంటూ స్నేహం చేస్తారు.

నేలమీద కాళ్లు ఆనని
నీ మేనకోడలు


ఫిబ్రవరి 28

పిల్లా,

గింజ ముట్టింది. మీ మావయ్య దాన్ని డబ్బాలో వేసి, మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టి, "రెండు వందల పన్నెండు, రైట్ రైట్!" అని ఈల వేశాడు. పదేళ్ల తర్వాత ఆ ఈల విన్నాను. ఎదురింటివాళ్లు బస్సొచ్చిందనుకుని బయటికొచ్చారు.

డిస్కు విన్నాను. ఒకసారి అనుకుంటున్నావా? మీ మావయ్య దగ్గర లెక్కుంది, అడుగు. ఆ స్వరానికి ముందు నువ్వు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. నాలుగేళ్లప్పుడు నా ఒళ్లో నిలబడి వాయించినప్పుడూ అలాగే తీసుకునేదానివి. అది తీసెయ్యొద్దని మీ పాము చెవులాయనకి చెప్పు. నేను ఏడ్చాను. తిన్నగానే చెబుతున్నాను, మళ్లీ మళ్లీ అడగకు.

అట్ట మీద లోపలిదే వెయ్యండి. ఇంటిపేరు చూసి వీధివాళ్లకి తెలిసేదేముంది? ఆ మాట నీకూ నాకూ తెలిస్తే చాలు. మేకు మీంచి గొడుగు తీయించాను.

ఇక ఆ ఆసామి సంగతి. అప్పుడు నీ కోసమే చేస్తున్నానని చెబితే ఆ మొండితనానికి దాన్ని కూడా కిటికీలోంచి విసిరేదానివి. అందుకని ఎవరో ఆర్డరిచ్చాడన్నాను. పూర్తయ్యాక రాలేదన్నాను. ఊరికే గోడకి వేలాడుతోంది, దుమ్ము పట్టకుండా నువ్వే ఉంచుకోవే అన్నాను. నువ్వు మొహం ముడుచుకుని తీసుకెళ్లి ఆ వారమే తలుపేసుకుని వాయించావు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. నువ్వు కల్పించిన ఆ దిగులు మనిషీ నేను కల్పించిన ఆ ఆసామీ ఒకే ఊరివాళ్లయి ఉంటారు. ఎక్కడున్నా చల్లగా ఉండనీ.

నీ కూతురు నాకు విడిగా ఉత్తరం రాసింది. మొన్న మూడు గోల్స్ ఆపిందట. వయొలిన్ జన్మలో ముట్టదట, కింద రెండు గీతలు గీసి మరీ రాసింది. సంతోషం, గోల్స్ ఆపుతూ ఉండమని జవాబిచ్చాను. నువ్వు కూడా ఒక్క మాట అనకు.

ఈసారికి ఉంటాను, పని ఉంది. పొద్దున మంచి చెక్క ఒకటి దొరికింది, కొలతలు వేస్తున్నాను. చిన్న సైజు. ఎవరికోసమని మీ మావయ్య ఒకటే అడుగుతున్నాడు. ఎవరో ఒకాయన ఆర్డరిచ్చాడని చెప్పాను. తీసుకోడానికి వస్తాడో రాడో.

మీ అత్త